కర్మాగారమొక చోట, ప్రయోగశాల వేరొక చోట

తడ వద్ద జాతీయ రహదారిని విడిచి పడమటికి మరలిన బాటసారికి కొలది సేపటిలోనే శ్రీ సిటీ ఎదురగును. చెన్నపట్టణమునకు ఉత్తరమున సుమారు 55 కిలోమీటర్ల దూరములో, సత్యవేడు, వరదయ్యపాళెము మండలముల పల్లెల నడుమ 2008లో ఆరంభమైన పారిశ్రామిక నగరమిది. అప్పుడు చిత్తూరు జిల్లాలోనిది. 2022లో జిల్లాల విభజన జరిగిన పిమ్మట తిరుపతి జిల్లాకు చెందినది. ఇచ్చట ఫ్రెంచివారి అల్‌స్టామ్ కంపెనీ మెట్రో రైలుపెట్టెలను తయారు చేయుచున్నది. జపానువారి ఇసుజు పికప్ బండ్లను, కోబెల్కో మట్టి తవ్వు యంత్రములను, డైకిన్ ఏ.సి.లను చేయుచున్నవి. అమెరికావారి మాండలీజ్ కంపెనీ క్యాడ్‌బరీ చాక్లెట్లను చేయుచున్నది. వానకును చెరువునకును ఎదురుచూచిన నేలమీద ఇన్ని దేశముల జెండాలు ఎగురుట చూచుటకు ముచ్చటగానే యుండును.

సిడ్నీ నగరములో 2019 మే నెలలో ప్రారంభమైన మెట్రో మార్గమునకు డ్రైవరు లేకుండ నడచు ఆరు పెట్టెల రైళ్లు 22 కావలసివచ్చినవి. అవి శ్రీ సిటీలో తయారై ఓడ లెక్కినవి. కెనడాలోని మాంట్రియల్ నగరమున 2023లో ఆరంభమైన మార్గమునకు సైతము రైళ్లు ఇచ్చటినుండియే వెళ్లినవి. మన జిల్లా పిల్లలు బిగించిన మరలు అంత దూరదేశమున జనులను మోయుచున్నవన్నచో ఎవరికి సంతోషము కలుగదు? అయినను ఆ సంతోషము వెంట ఒక ప్రశ్న కూడ పుట్టవలెను. ఆ రైలునకు ఆకృతి నిచ్చిన ఆలోచన ఎచ్చట పుట్టినది? శ్రీ సిటీలో కాదు. మెట్రోపోలిస్ అను పేర ఆ కంపెనీ చిరకాలముగా పెంచుకొనివచ్చిన రైళ్ల వంశమునకు చెందిన బిడ్డ అది. చెన్నపట్టణపు మెట్రో కొరకు మొదటి తొమ్మిది రైళ్లు బ్రెజిలు దేశములో తయారై వచ్చినవి. తక్కినవి అదే నమూనా ననుసరించి శ్రీ సిటీలో తయారైనవి. భారతదేశములో ఆ కంపెనీ ఇంజనీర్ల పెద్ద నిలయము బెంగుళూరులో నున్నది.

చేయి ఒక చోట, తల ఒక చోట. ఈ ఏర్పాటునకు కారణమేమి? కంపెనీలు తమ పరిశోధనశాలలను స్వదేశము దాటించి పరదేశములలో ఎందుకు నెలకొల్పుచున్నవి? నెలకొల్పునప్పుడు ఒక ఊరిని విడిచి మరియొక ఊరిని ఎందుకు ఎంచుకొనుచున్నవి? శ్రీ సిటీని ముందుంచుకొని ఈ విషయమును కొంత విచారింతము.

మొదట ఒక భేదమును గుర్తింపవలెను. పరిశోధన, అభివృద్ధి అను రెండు మాటలను జంటగా పలుకుట లోకమున అలవాటయినది. ఇవి అన్నదమ్ములే గాని కవలలు కావు. ఇదివరకు ఎవరును ఎరుగని సంగతిని కనుగొనుట పరిశోధన. తెలిసిన సంగతిని పనికివచ్చు వస్తువుగా మలచి, పరీక్షించి, కర్మాగారమునకు అప్పగించుట అభివృద్ధి. కొత్త శీతలద్రవ్యమును కనుగొనుట మొదటిది. ఆ ద్రవ్యముతో మన ఎండకు తాళుకొను ఏ.సి.ని రూపొందించుట రెండవది. మొదటి పనికి విశ్వవిద్యాలయపు నీడ కావలెను. రెండవ దానికి వాడుకరి యిల్లును, కర్మాగారపు ముంగిలియు దగ్గరగా నుండవలెను. ఈ భేదము మరచినచో ముందు చెప్పబోవున దంతయు చిక్కుపడును.

పూర్వము ప్రయోగశాల ఇల్లు కదలెడిది కాదు. ఒకప్పుడు మన పెద్దల యిండ్లలో గౌరవస్థానమున కూర్చున్న ఫిలిప్స్ రేడియో పెట్టెను తలచుకొనుడు. పెట్టె కలకత్తాలో కూర్చబడినను, దాని లోపలి విద్య హాలెండు దేశపు ఐండ్‌హోవెన్ పట్టణమున 1914లో ఏర్పడిన ఆ కంపెనీ ప్రయోగశాలనుండి వచ్చినదే. ఈ స్థితికి 1966లో హార్వర్డు ఆచార్యుడు రేమండ్ వెర్నన్ చక్కని కారణము చెప్పెను. కొత్త వస్తువు సంపన్న దేశమున, దానిని కొనగల జనుల నడుమ పుట్టును. మొదటి దినములలో దానిలోని లోపములను కొనినవారి నోటనే విని మాటిమాటికి దిద్దుకొనవలసి యుండును గనుక తయారీ కూడ అచ్చటనే జరుగును. వస్తువు కుదుటపడి, రూపము స్థిరపడిన తరువాత తయారీ మాత్రము ఖర్చు తక్కువైన దేశములకు తరలిపోవును. తల ఇంటనే యుండి చేయి ఊళ్లు తిరుగుననుట ఈ సిద్ధాంతపు సారము. శ్రీ సిటీని చూచినచో వెర్నన్ మాట నేటికిని సగము నిజమే ననిపించును.

ప్రయోగశాలను ఇంట నుంచుకొనుటకు బలమైన కారణములే యున్నవి. రహస్యము పొక్కునను భయ మొకటి. ఖరీదయిన పరికరములను పది చోట్ల కొనుటకంటె ఒక చోట కొనుట లాభమను లెక్క మరొకటి. వీటికంటె ముఖ్యమైనది, పరిశోధకుల విద్యలో కాగితముపై వ్రాయరాని భాగము చాల యుండుట. వంట పుస్తకము చదివినంతమాత్రమున ఆవకాయ కుదురునా? జాడీ దగ్గర నిలిచి అమ్మమ్మ చేతిని చూడవలెను. ప్రయోగశాలలోను అంతే. పక్క బల్లమీది వానితో మధ్యాహ్నము టీ త్రాగుచు ఆడిన మాటలో సగము కల్పన పుట్టును. ఆ మాట సముద్రము దాటుట కష్టము.

అయినను దాటుచున్నది. ఎందుచేత?

మొదటి కారణము ఎండ. నవ్వులాటకు చెప్పుట లేదు. చాక్లెట్టులోని కోకో వెన్న సుమారు 34 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరుగును. మన దేహపు వేడి 37 డిగ్రీలు. ఈ మూడు డిగ్రీల తేడాయే చాక్లెట్టు మహిమ. చేతిలో గట్టిగా నిలిచి నోటిలో కరుగును. ఇంగ్లండులో ఈ లెక్క చక్కగా సరిపోవును. సత్యవేడు బజారులో వైశాఖమాసపు మధ్యాహ్నము 40 డిగ్రీలు దాటినప్పుడు, చాక్లెట్టు నోటిదాక రానే రాదు, అంగడి అలమరలోనే కరగి ముద్దయగును. పోనీ, కరుగని కొవ్వు కలిపి గట్టిపరచినచో మైనము నమలినట్లుండును. కావున కొవ్వు పాళ్లెంత, చక్కెర పలుకెంత సన్నము, కాగితపు పొర యెట్టిది, లారీలో చల్లదన మెంత, అంగడివానికి చిన్న శీతలపు పెట్టె ఇయ్యవలెనా అను ప్రశ్నలకు సమాధానము లండనులో కూర్చుండి చెప్పుట కుదరదు. మాండలీజ్ కంపెనీ తన సాంకేతిక కేంద్రములలో నొకదానిని బొంబాయి చెంతనున్న థానేలో నుంచుటలోని ఆంతర్యమిదే.

కోకో చెట్టు కథ దీనికి తోడు. క్యాడ్‌బరీవారు 1960ల మధ్యకాలమున మన దేశమున కోకో సాగును ప్రోత్సహింప నారంభించిరి; తరువాత కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయముతో కలసి మొక్కల పరిశోధన సాగించిరి. నేడు కోకో ఉత్పత్తిలో దేశమునకు మొదటి స్థానము ఆంధ్రప్రదేశ్‌ది. గోదావరి మండలములలో కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడన ఆ చెట్టు పెరుగుచున్నది. చెట్టు ఇచ్చట, తినువాడు ఇచ్చట, ఎండ ఇచ్చట నున్నప్పుడు దానిని గూర్చి ఆలోచించువాడు కొంతకాలమైన ఇచ్చట నుండక తప్పదు.

ఏ.సి.ల సంగతియు నిట్టిదే. డైకిన్ కంపెనీకి ఒసాకా నగర పరిసరమున 2015లో తెరువబడిన పెద్ద పరిశోధన కేంద్రము కలదు. మూలశాస్త్రమంతయు అచ్చటనే. కాని మన రాజస్థానములో బయటి గాలి 50 డిగ్రీలకు చేరినను యంత్రము నిలువవలెను. విద్యుత్తు ఎగిరిపడినను కాలిపోరాదు. సముద్రతీరమున ఉప్పుగాలికి రాగి గొట్టములు తినివేయబడరాదు. ఒసాకాలో ఇట్టి యెండను కృత్రిమముగా కల్పింపవచ్చును గాని, దుమ్మును, ఉప్పును, మన ఇంటి కరెంటును ఒక్కసారిగా కల్పించుట దుర్ఘటము. కావున ఆ కంపెనీ భారతదేశపు పరిశోధన కేంద్రమును రాజస్థానపు నీమ్రానాలో నెలకొల్పినది. అచ్చట మొదట వచ్చినది కర్మాగారము. పిమ్మట దాని ప్రక్కనే ప్రయోగశాల పెరిగినది. శ్రీ సిటీలో ఆ కంపెనీ కర్మాగారము 2023లో పని ఆరంభించినది. ఈ క్రమమును పాఠకులు గుర్తుంచుకొందురు గాక. మరల దీనితో పనియున్నది.

మన దేశమునకు ఇట్టి ప్రయోగశాలలు నిన్న మొన్న వచ్చినవి కావు. హిందుస్థాన్ లీవరువారు 1958లో బొంబాయిలో పరిశోధన కేంద్రము స్థాపించిరి. అప్పట్లో సబ్బునకు కావలసిన కొవ్వులు దిగుమతి చేసికొనుటకు విదేశీ ద్రవ్యము కరవు. వేపనూనె, సాలగింజల నూనె, తవుటినూనె వంటి వాటితో సబ్బు చేయు విధము తెలిసికొనవలసిన అవసర మిచ్చటనే పుట్టినది. స్విట్జర్లండు దేశపు సీబా కంపెనీ బొంబాయి గోరేగాములో నెలకొల్పిన పరిశోధన కేంద్రమును 1963లో జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించెను. మన అడవి మూలికలలోని రసాయనములను, ఉష్ణమండల రోగములను శోధించుట దాని ఆశయములలోనివి. టి. ఆర్. గోవిందాచారి వంటి ప్రసిద్ధ రసాయనికుడు దానికి నాయకత్వము వహించెను.

రెండవ కారణము మనుష్యులు. దీనిని చెప్పుటకు ముందు ఒక తెలుగువానిని తలచుకొనుట ధర్మము. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో అమెరికాకు పోయి, హార్వర్డులో చదివి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరెను. 1948లో మరణించునాటికి ఆయన నడపిన బృందములనుండి వెలువడిన మందులు లోకమునకు తెలిసినవే. ఆ కాలమున ప్రయోగశాల కదలదు గనుక మనిషి కదలవలసివచ్చెను. రాజమహేంద్రవరమునను మద్రాసునను చదివిన బుద్ధి వికసించుటకు బోస్టను, న్యూయార్కులు తప్ప గతిలేకపోయెను. నేడు ఆ ప్రవాహము రెండు దిక్కులను పారుచున్నది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ 1985లో బెంగుళూరునకు వచ్చి, స్వంత ఉపగ్రహ సంబంధము నేర్పరచుకొని, ఇచ్చటి ఇంజనీర్లు గీచిన రూపకల్పనలను అమెరికాకు పంపినది. మైక్రోసాఫ్ట్ 1998లో హైదరాబాదున తన అభివృద్ధి కేంద్రమును తెరచినది. అది అమెరికా వెలుపల ఆ కంపెనీకి గల పెద్ద కేంద్రములలో నొకటిగా పెరిగినది.

తక్కువ జీతమునకు పనివారు దొరకుటయే దీనికి కారణమని కొందరందురు. మేము ఆ మాటను పూర్తిగా ఒప్పుకొనము. జీతము తక్కువగా నుండుటయే చాలినచో ప్రపంచమున అంతకంటె తక్కువ జీతముల దేశములు పెక్కు కలవు; అచ్చటికి ప్రయోగశాలలు పోలేదు. ఒకే విద్య నెరిగినవారు వందలు కాదు, వేలు ఒకే ఊర దొరకుట, ఒకడు విడిచిపోయినచో మరునాడు మరొకడు చేరుట ముఖ్యము. కాలభేదమునకు కూడ కొంత విలువ కలదు. అమెరికాలో దీపము లార్పు వేళకు మనకు తెల్లవారును గనుక పని నిలువక సాగును. పన్ను రాయితీలు, చట్టములు కొంత తోడ్పడును. 2005లో మందులకు వస్తుపేటెంటును మరల అంగీకరించిన పిమ్మట విదేశీ ఔషధ కంపెనీల సంకోచము కొంత తగ్గినది. ఇవి త్రాసులో చివర వేయు చిల్లర తూనికరాళ్లు.

మూడవ కారణము తక్కిన రెంటికంటె సూక్ష్మమైనది. కంపెనీ పరదేశమునకు తన విద్యను మోసికొనిపోవుట గాక, అచ్చటి విద్యను తెచ్చుకొనుటకు పోవుట. దీనికి మన యింటిలోని ఉదాహరణమే కలదు. హైదరాబాదులోని ఐ.డి.పి.ఎల్. సంస్థలో పనిచేసిన డాక్టర్ కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ స్థాపించెను. 1970 నాటి పేటెంటు చట్టము మందునకు కాక, మందు చేయు విధానమునకే హక్కు నిచ్చెను గనుక, కొత్త విధానములను కనుగొనుటలో మన రసాయనికులు చేయి తిరిగినవారైరి. 1993లో ఆయన పరిశోధన సంస్థ నొకదానిని ప్రారంభించి కొత్త మందుల అన్వేషణకు పూనుకొనెను. 1997లో డెన్మార్కువారి నోవో నార్డిస్క్ కంపెనీ ఆ సంస్థ కనుగొన్న మధుమేహపు అణువు నొకదానిని లైసెన్సుపై తీసికొనెను. ఇంతవరకు బాగున్నది. కాని అణువును చేయుట వేరు, దేహములో ఆ అణువు ఏ తలుపు తట్టునో తెలియుట వేరు. మొదటిది రసాయనము, హైదరాబాదునకు కరతలామలకము. రెండవది జీవశాస్త్రము, దానిలో ఆరితేరినవారు అమెరికా విశ్వవిద్యాలయముల చుట్టును గుమిగూడి యుండిరి. కావున హైదరాబాదు కంపెనీ అట్లాంటా నగరమున ప్రయోగశాల తెరచెను. 2008లో డౌ కంపెనీనుండి ఇంగ్లండు దేశపు కేంబ్రిడ్జిలోని చిరోటెక్ అను సంస్థను కొని, ఆ ఊరి రసాయనికుల ప్రత్యేక విద్యను తనదిగా చేసికొనెను.

చూచితిరా! అమెరికావాడు హైదరాబాదునకు వచ్చుటకును, హైదరాబాదువాడు అట్లాంటాకు పోవుటకును మూలసూత్ర మొక్కటియే. ఏ విద్య ఏ ఊర గూడుకట్టుకొని యున్నదో ఆ ఊరికి పోవలెను. వెంకటగిరి చీర కావలసినవాడు వెంకటగిరికి పోవును. మగ్గమును తెచ్చి తన యింటిలో పెట్టుకొనినంతమాత్రమున చీర రాదు.

ఇక శ్రీ సిటీకి మరలుదము. ఇచ్చటికి కర్మాగారములు వచ్చిన కారణములు స్పష్టము: విశాలమైన భూమి, ప్రత్యేక ఆర్థిక మండలపు వసతి, కలకత్తా రహదారి, చెన్నై, ఎన్నూరు, కృష్ణపట్నము రేవులు. వీటిలో ఒక్కటియు ప్రయోగశాలకు అంతగా అక్కరలేదు. ప్రయోగశాలలో తయారగు సరకు ఓడ ఎక్కదు. దానికి కావలసినది, సాయంత్రము ఏడు గంటల తరువాత కూడ అదే విద్యను గూర్చి వాదులాడుకొను మనుష్యుల గుంపు, భార్యాభర్తలిరువురికి ఉద్యోగములు దొరకు పట్టణము, పిల్లల బడి. అందుచేత కర్మాగారము తడ దగ్గర, ఇంజనీరు బెంగుళూరులోనో చెన్నైలోనో.

ప్రకృతి స్వయముగా పిలిచినప్పుడు మాత్రము ఈ నియమము మారును. పులికాటు సరస్సునకు ఆవలనున్న శ్రీహరికోటనే చూడుడు. తూర్పున సముద్రము, భూభ్రమణపు ఊతము లభించుటచేత రాకెట్ల ప్రయోగమునకు అది తగియుండెను. 1971నుండి అచ్చట రాకెట్లు ఎగురుచున్నవి. చిత్తూరు దారిలోని గాదంకిలో వాతావరణమును శోధించు గొప్ప రాడారు కలదు. ఉష్ణమండలపు ఆకాశము, కొండల నడుమ రేడియో రొద తక్కువగా నుండుట దానికి అనుకూలించినవి. ఇవి రెండును ప్రభుత్వ సంస్థలు. కంపెనీ ప్రయోగశాలకు కొండలు గాని సరస్సులు గాని ఆకర్షణ కావు. దానిని పిలువవలసినది విద్య.

ఆ విద్య ఈ ప్రాంతమున లేకపోలేదు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము 1954నుండి యున్నది. 2015లో ఐ.ఐ.టి., ఐసర్ సంస్థలు తిరుపతికి వచ్చినవి. శ్రీ సిటీలోనే 2013లో ఐ.ఐ.ఐ.టి., 2018లో క్రియా విశ్వవిద్యాలయము వెలసినవి. కర్మాగారపు ప్రహరీకి అంత చేరువలో విద్యాలయమున్న పారిశ్రామిక వాడలు మన రాష్ట్రమున అరుదు. అయినను ప్రహరీ ప్రహరీయే. విద్యార్థి పట్టా పుచ్చుకొని బెంగుళూరు బస్సెక్కుచున్నంత కాలము ఈ పొరుగుతనము పేరునకు మాత్రమే. కర్మాగారపు ఇంజనీరునకు నిన్న తగిలిన చిక్కు, అనగా రైలుపెట్టె అతుకులో పగులో, ఏ.సి. గొట్టములో తుప్పో, నేడు విద్యాలయపు బల్లమీదికి వచ్చినప్పుడే నీమ్రానాలో జరిగినది ఇచ్చట జరుగుట కవకాశము కలుగును. అది మహాపరిశోధన కానక్కరలేదు. తొలుత పరీక్షశాల, తరువాత చిన్న మార్పుల రూపకల్పన, ఆ పిమ్మట పూర్తి వస్తువు. ప్రయోగశాల కర్మాగారపు ప్రక్కన పెరుగు దారి ఇట్టిది.

ఇంతకును దీనిలో మనకేమి పోవును, ఏమి వచ్చును? కర్మాగారపు కూలి నెలనెలకు వచ్చును. యంత్రములు మారినప్పుడు తగ్గును. రూపకల్పన తెలిసినవానికి ఆ భయము తక్కువ. ఈ నగరమునకు భూములిచ్చిన రైతుల బిడ్డలు మర బిగించువారుగానే నిలిచిపోవుదురా, మర యెట్లుండవలెనో చెప్పువారగుదురా అనునది సత్యవేడు పల్లెలలో ప్రతి యింటి ప్రశ్న. అట్లని ప్రయోగశాల వచ్చినంతమాత్రమున ధనరాశి వచ్చినట్లు భావించుట కూడ తగదు. విదేశీ కంపెనీ ప్రయోగశాలలో మనవాడు కనుగొన్న విషయముపై పేటెంటు సాధారణముగా కంపెనీకే చెందును. కనుగొనినవాని పేరు కాగితముపై నుండును, హక్కు సముద్రమునకు ఆవల నుండును. పైగా ప్రయోగశాల వచ్చినట్లే పోగలదు. గోరేగాములోని సీబా కేంద్రము, అంత కీర్తి గడించియు, కొన్ని దశాబ్దములకు మూతపడినది. మన హైదరాబాదు కంపెనీ అట్లాంటాలో తెరచిన ప్రయోగశాలను కొన్ని సంవత్సరములకు మూసివేసినది; అచ్చటి అమెరికను ఉద్యోగులకు అది మన గోరేగాము వంటి యనుభవమే అయి యుండును.

కనుక శ్రీ సిటీలో రేపు ఏ కంపెనీయైనను సాంకేతిక కేంద్రమును తెరచుచున్నామని ప్రకటించినప్పుడు, కట్టడపు అంతస్తులను, రిబ్బను కత్తిరించిన పెద్దలను చూచి తృప్తిపడక, మూడు సంగతులు అడిగి తెలిసికొనవలెనని మా యభిప్రాయము. అచ్చట జరుగునది పరీక్షయా, మార్పుచేర్పులా, కొత్త వస్తువు రూపకల్పనయా? అది లోకమంతటికి అమ్మబడు వస్తువునకు సంబంధించినదా, మన బజారునకు మాత్రమేనా? ప్రక్క విద్యాలయపు విద్యార్థికి దాని లోపలికి ప్రవేశము కలదా? మొదటి రెంటికి కంపెనీవారు సమాధానము చెప్పగలరు. మూడవదానికి విద్యాలయమువారును కలసి చెప్పవలసి యుండును.